కొబ్బరికాయ ఎక్కడ కొట్టారు?

దసరా వెళ్ళిన మర్నాటి నుంచి దీపావళి దాటేదాకా మా వర్క్‌షాపుకి ఏ కారు వచ్చినా నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే. "కొబ్బరికాయ ఎక్కడ కొట్టారు?"

కొత్తగా చేరినవాళ్ళు నాకు కాస్త తిక్క అనుకునేవారు. కస్టమర్లు "కనకమాలక్ష్మి గుడి దగ్గరండీ" అని భక్తిగా చెప్పేవారు. నాకు గుడి పేరు అక్కర్లేదు. కాయ టైరు ముందు నేల మీద కొట్టారా, నీళ్ళు బానెట్ మీద పోశారా, లేక బానెట్ ఎత్తి సాక్షాత్తూ ఇంజనుకే అభిషేకం చేశారా, అది కావాలి. కొబ్బరినీళ్ళు మనిషికి ఎంత చలవో కారు వైర్లకి అంత చేటు. ఆరిపోయాక బంకలా మిగులుతాయి. ఆ బంక వైర్లు కలిసే ప్లగ్గుల సందుల్లో చేరి, ఎప్పుడో తీరిగ్గా, తేమ తగిలిన రోజున తన పని మొదలుపెడుతుంది. అప్పటికి దసరా సంగతి ఎవరికీ గుర్తుండదు.

నా పేరు సింహాచలం. ఈ ఊళ్ళో ఏ వీధిలో నిలబడి ఆ పేరు పిలిచినా నలుగురు పలుకుతారు కనక మిగతా వివరం చెప్పాలి. మొదట పోర్టు రోడ్డులో లారీల షెడ్డులో పని నేర్చుకున్నాను. తర్వాత గాజువాకలో కార్ల సర్వీసు సెంటర్లో ఎలక్ట్రికల్ పని చేసి, అక్కడే ఫ్లోర్ ఇన్‌చార్జిగా దిగిపోయాను. ఐటిఐ, డిప్లొమా చదివి ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అడిగితే ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, సన్మానాలు రాయను. అవి చదివి ఎవడూ ఒక బల్బు కూడా మార్చలేడు.

ఒత్తిడి సంగతి

డ్యాష్‌బోర్డు మీద ఎర్రగా వెలిగే నూనెడబ్బా బొమ్మ మీ అందరికీ తెలుసు. ఆయిల్ లైటు. అది వెలిగితే చాలామంది డిప్ స్టిక్ తీసి చూసి, "ఆయిలు నిండా ఉంది కదా" అని నడిపేస్తారు. ఆయిలు ఉండటం ఒకటి, ఆ ఆయిలుకు ఒత్తిడి ఉండటం ఇంకొకటి. మీ అపార్టుమెంటు కింద సంపు నిండా నీళ్ళున్నా మోటారు తోయకపోతే మూడో అంతస్తు కుళాయికి చుక్క రాదు. ఇంజనూ అంతే. కింద ఉన్న ఆయిల్‌ని పంపు పైకి తోయాలి. తోయకపోతే ఇనుము ఇనుముతో రాసుకుని ఇంజను పట్టేస్తుంది.

ఆ తోపుడు ఎంత ఉందో చూసి చెప్పేది ప్రెషర్ సెన్సార్. బొటనవేలంత వస్తువు. ఇప్పటి బళ్ళలో దానికి మూడు వైర్లుంటాయి. ఒకటి కరెంటు ఇస్తుంది, ఒకటి ఎర్తు, మూడోది కారులోని కంప్యూటరుకు కబురు మోస్తుంది. లైటు వెలిగిందంటే మూడింటిలో ఒకటి జరిగి ఉండాలి. నిజంగా ఒత్తిడి పడిపోయి ఉండాలి, లేదా సెన్సార్ అబద్ధం చెబుతూ ఉండాలి, లేదా సెన్సార్ నిజమే చెప్పినా కబురు మోసే దారిలో తేడా వచ్చి ఉండాలి. ఈ మూడింటిలో ఏదో తేల్చడమే మన ఉద్యోగం. తేల్చకుండా పానా పట్టుకునేవాణ్ణి నేను మెకానిక్ అనను.

మస్తాన్ మేస్త్రి

నా గురువు మస్తాన్ మేస్త్రి. కోపం ముక్కు మీద ఉండేది. ఆయన షెడ్డులో డ్రైవరు లారీ దిగుతూనే "పంపు పోయింది మేస్త్రీ" అంటే ఆయనకి ఒళ్ళు మండేది.

"పంపు పోయిందో ఉందో నేన్ చెప్తా. నిన్న నువ్వేం చేసినావో అది చెప్పు."

"నిన్నేటీ సెయ్యలేదు మేస్త్రీ."

"అయితే పో. టీ తాగి రా. తాగితే గుర్తొస్తది."

నిజంగానే టీ తాగి వచ్చాక గుర్తొచ్చేది. ఒకడు పాత ఆయిల్ ఫిల్టరుని డీజిల్‌తో కడిగి మళ్ళీ బిగించానని చెప్పాడు. పొదుపు చేశానని వాడి గర్వం. కడిగిన కాగితం ఉబ్బిపోయి దారి మూసేసింది. పంపు నిక్షేపంలా ఉంది. మేస్త్రి వాణ్ణి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను గానీ, నాతో అన్న మాట మాత్రం రాస్తాను. "బండిని తర్వాత చూడు బేటా. ముందు నిన్నటిని అడుగు."

ఆయన నేర్పిన రెండో సంగతి చేతి గేజు. మీటరు ఏం చూపించినా, లైటు ఏం చెప్పినా, సెన్సార్ విప్పి ఆ కంతలో సూది గేజు బిగించి కళ్ళారా ఒత్తిడి చూడాల్సిందే. ఒక్క సాక్షి మాట మీద ఎవడినీ జైల్లో వెయ్యకూడదనేవాడు. కంప్యూటర్లు వచ్చాక చాలామంది ఆ గేజుని అటకెక్కించారు. నేను ఎక్కించలేదు.

లైటు నిజం చెప్పిన రోజు

ఇది చదివి కొందరు, "ఓహో, ఆయిల్ లైటు వెలిగితే సెన్సార్ కంప్లయింటే అన్నమాట" అనుకుంటారు. అందుకే ఇది కూడా చెబుతున్నాను.

పరవాడ వైపు నుంచి ఒక కాంట్రాక్టరు మాకు ఫోన్ చేశాడు. ఆయిల్ లైటు వెలుగుతోందన్నాడు. ఫోనెత్తిన మావాడు బండి చూడకుండానే, "ఈ మోడల్లో అది మామూలేనండీ, సెన్సారే అయ్యుంటుంది" అనేశాడు. అది పాత మోడలు, సెన్సార్‌కి ఒకటే వైరు. ఆయన ఆ వైరు పీకేశాడు. లైటు ఆరిపోయింది. ఆనందంగా బయల్దేరి సబ్బవరం దాటకముందే ఇంజను పట్టేసి రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. బండిలో భార్యాబిడ్డలున్నారు. వెనకాల వస్తున్న లారీవాడు మంచివాడు కనక బ్రేకు తొక్కాడు.

ఆయన వచ్చి గొడవ చేస్తాడని అందరం బిగుసుకుని కూర్చున్నాం. చెయ్యలేదు. "మీవోళ్ళే సెప్పారు కదండీ" అన్నాడు, అంతే. తిడితే రెండు రోజుల్లో మర్చిపోయేవాళ్ళం. ఆ రోజు నుంచి మా ఫ్లోర్ మీద ఫోన్లో రోగం పేరు చెప్పడం నిషేధం. "బండి ఆపండి, మేం వస్తాం" అనాలి. ఇంకొక్క ముక్క అదనంగా మాట్లాడితే నా నోటికి భయపడాలి.

మార్చేవాళ్ళు

నేను చాలామంది మేనేజర్ల కింద పనిచేశాను. చివరి ఆయన మంచివాడు, కష్టపడేవాడు, కానీ ఆయనకి "మార్చెయ్" అనే మాట ఊతపదం. స్కానర్ పెట్టు, కోడ్ చదువు, కోడ్‌లో ఏ పార్టు పేరుంటే ఆ పార్టు మార్చెయ్. బండి మళ్ళీ వస్తే దాని పక్కది మార్చెయ్.

నేను ఆయనతో ఎన్నోసార్లు వాదించాను. కోడ్ అంటే ఫిర్యాదు సార్, తీర్పు కాదు అనేవాణ్ణి. సెన్సార్ నుంచి వస్తున్న కబురు బాగాలేదని మాత్రమే అది చెబుతుంది. ఎందుకు బాగాలేదో అది చెప్పదు, మనం కనుక్కోవాలి. ఆయన వినేవాడు, నవ్వేవాడు, "సాయంత్రం డెలివరీ ఉంది సింహాచలంగారూ" అనేవాడు. ఆయన తప్పూ లేదు. బండ్లు బారులు తీరి ఉంటాయి. కానీ పార్టు మార్చడం వేరు, బండి బాగుచేయడం వేరు. ఆ తేడా ఏమిటో నాకు పూర్తిగా తెలిసింది రిటైరయ్యే ముందు, మేరీ సునీత బండి దగ్గర.

సునీత బండి

సునీతకి ముప్ఫయ్యేళ్ళుంటాయేమో. సబ్బవరంలో కొత్తగా లేచిన కాలనీలో తల్లితో ఉంటుంది. ఏడు సీట్ల డీజిల్ బండి కొనుక్కుని, చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళని పొద్దున్నే అచ్యుతాపురం సెజ్‌లో ఫ్యాక్టరీకి దించి, షిఫ్టు అయ్యాక ఇళ్ళకి చేరుస్తుంది. ఆడమనిషి తోలుతుంది కనకే ఆ ఇళ్ళవాళ్ళు వయసు పిల్లల్ని ధైర్యంగా పనికి పంపుతున్నారు. ఇది ఆమె చెప్పలేదు, తర్వాత ఆ బండి ఎక్కేవాళ్ళే చెప్పారు.

దసరా వెళ్ళిన కొద్ది రోజులకి ఆ బండికి ఆయిల్ లైటు మొదలైంది. సబ్బవరంలో మెకానిక్ సెన్సార్ మార్చాడు. వారం బాగుంది, మళ్ళీ వచ్చింది. మా దగ్గరికి తెచ్చింది. మా సీనియర్ టెక్నీషియన్ నూకరాజు స్కానర్ పెట్టి, సబ్బవరంవాడు నకిలీది వేసుంటాడని తేల్చి, కంపెనీ సెన్సార్ బిగించాడు. మళ్ళీ కొన్నాళ్ళు బాగుంది. మళ్ళీ వచ్చింది.

ఈసారి మా దగ్గరికి వచ్చినప్పుడు ఆమె మొహం వాడిపోయి ఉంది.

"సార్, ఫ్యాక్టరీ గేటు కాడ సెక్యూరిటీవోళ్ళు డ్యాష్‌బోర్డు చూస్తన్నారు. ఏ లైటు వెలిగినా బండి లోపలికి పంపరు. రెండ్రోజులు ఆడోళ్ళందర్నీ గేటు బయటే దించీసినాను. సోమవారం నాటికి లైటు లేకుండా రాకపోతే డ్యూటీ వేరేవోళ్ళకిచ్చీస్తానని మా కాంట్రాక్టరు చెప్పీసినాడు."

"వేరేవాళ్ళంటే?"

"ఎవరో మగాయన సార్. మా వాళ్ళలో సగం మంది మానీస్తారు."

మేనేజరు వచ్చి చూశాడు. సెన్సార్ రెండుసార్లు మారింది కనక తప్పు ఇంజన్లోనే అన్నాడు. పంపో, బేరింగులో. ఇంజను దించుదాం అన్నాడు. దించితే ఎక్కించేసరికి పది రోజులైనా పడుతుంది, సోమవారం సంగతి మర్చిపోవాల్సిందే. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టుంటుందని నేను అడ్డం తిరిగాను. "అయితే శనివారం దాకా మీ ఇష్టం" అన్నాడు ఆయన. ఆ మాత్రం అన్నందుకు ఇప్పటికీ ఆయనంటే నాకు గౌరవం.

చేతి గేజు బిగించాను. ఇంజను చల్లగా ఉన్నప్పుడూ చూశాను, వేడెక్కాకా చూశాను. ఒత్తిడి గుర్రంలా ఉంది. చిక్కేమిటంటే సెన్సార్ మళ్ళీ బిగించి చూస్తే లైటు కూడా వెలగలేదు. ఇద్దరు సాక్షులూ ఒకే మాట చెబుతున్నారు, కేసే లేదంటున్నారు. నూకరాజు నవ్వాడు. "బావా, ఈ బండికి మనమంటే భయమేమో. మన గేటు దాటితేనే జొరమొస్తన్నాది."

ఇక నిన్నటిని అడగాలి. ఆ సీజన్లో నా మొదటి ప్రశ్న మీకు తెలుసు. అడుగుదామని బండిలోకి తొంగి చూశాను. అద్దానికి చిన్న శిలువ వేలాడుతోంది. వెనక అద్దం మీద బైబిలు వాక్యం అంటించి ఉంది. నోటిదాకా వచ్చిన ప్రశ్న మింగేశాను. ఊళ్ళో అందర్నీ అడిగినవాణ్ణి, ఆ ఒక్క అమ్మాయిని అడగలేదు.

దాని బదులు ఇంకోటి అడిగాను. "ఎప్పుడెప్పుడు వెలుగుతోందమ్మా?"

ఈ ప్రశ్నకి ఆమె ఇచ్చిన జవాబు లాంటిది ఏ డ్రైవరూ నాకు ఇవ్వలేదు. "పొద్దున్నే స్టార్ట్ చేస్తే వెలుగుతాది సార్. బాగా మంచు పడిన రోజు అచ్యుతాపురం దాకా వెలుగుతూనే ఉంటాది. ఎండెక్కితే ఎలిపోతాది. మొన్న ముసురు పట్టిన రోజు పగలంతా ఉన్నాది. మీ దగ్గరికి నాను డ్యూటీ దింపీసి పది గంటలకి వస్తాను కదా, అప్పటికి ఉండదు."

అంటే మేం ఇన్నాళ్ళూ రోగం దిగిపోయిన తర్వాత రోగిని చూస్తున్నాం. రోగం ఉన్నచోటికి మేమే వెళ్ళాలి. ఆ సాయంత్రం మూడు మూతులుండే 'T' జాయింట్ పెట్టి, సెన్సారూ చేతి గేజూ పక్కపక్కనే ఉండి ఒకే ఆయిల్‌ని చదివేలా బిగించాను. "జాగ్రత్తగా ఇంటికి తీసుకెళ్ళు. రేపు తెల్లారకుండా నేనే వస్తాను, అప్పటిదాకా బానెట్ ఎత్తకు" అన్నాను.

చీమలు

శనివారం తెల్లవారుజామున సబ్బవరం వెళ్ళాను. కార్తీక మాసం. కాలనీ వెనక ఇంకా పొలాలే. బండి అద్దాల మీద మంచు నీళ్ళు కారుతున్నాయి. సునీత తాళం పట్టుకుని నిలబడి ఉంది. వాళ్ళమ్మ టీ గ్లాసు తెచ్చి ఇచ్చింది. అప్పటికే పనికి తయారై వచ్చిన ఒక పెద్దావిడ అరుగు మీద కూర్చుని ఉంది. పేరు రమణమ్మ. ఆ బండి ఎక్కేవాళ్ళందరిలో పెద్దది, అందరికంటే ముందే వచ్చి ముందు సీటు పట్టుకుంటుందట.

"స్టార్ట్ చెయ్యమ్మా."

లైటు వెలిగింది. ఎర్రగా, ధీమాగా, ఆరకుండా. గేజు చూశాను. ఒత్తిడి నిక్షేపంగా ఉంది. ఇద్దరు సాక్షులు మొదటిసారి చెరో మాట చెప్పారు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. లైటు వెలిగినందుకు సంబరపడే మెకానిక్‌ని ఆ కాలనీ ఎప్పుడూ చూసుండదు.

"ఇంజను బాగుందమ్మా. దించక్కర్లేదు."

సునీత స్టీరింగ్ మీద తల ఆనించి అలాగే కూర్చుంది. వాళ్ళమ్మ వెళ్ళి వీపు మీద చెయ్యి వేసింది.

ఇంజను ఆపించి టార్చి వేశాను. సెన్సార్ కొత్తదే, దానికి తప్పుండదు. మిగిలింది దారి. సెన్సార్ దగ్గర నుంచి వైర్లు ఒక నల్లటి ముడతల గొట్టంలోంచి వెళతాయి. ఆ గొట్టం మీద టార్చి పడగానే ఏదో కదిలింది. చీమలు. చిన్న నల్ల చీమలు వరసగా గొట్టం వెంబడి ఎక్కి, తిన్నగా సెన్సార్ ప్లగ్గు దగ్గరికి వెళుతున్నాయి. స్కానర్ లేదు, కోడ్ లేదు, డిప్లొమా లేదు. అయినా ఎక్కడికి వెళ్ళాలో వాటికి తెలుసు.

ప్లగ్గు విప్పాను. రబ్బరు రింగు కింద గోధుమరంగు బంక. పిన్నుల మీద పచ్చగా చిలుము. పగలు ఎండకి, ఇంజను వేడికి ఆ బంక ఆరిపోయి ఊరుకుంటుంది. రాత్రి మంచుకి చెమ్మగిల్లి ఒక పిన్ను నుంచి ఇంకో పిన్నుకి కరెంటు జారుస్తుంది. కబురు కాస్తా మధ్యలో ఎర్తయిపోతుంది. ఒత్తిడి లేదనుకుని కంప్యూటరు లైటు వెలిగిస్తుంది. ఇద్దరు మెకానిక్కులు సెన్సార్ మార్చారు గానీ ప్లగ్గుకి ఇవతలి సగం బండిదే, అది మారలేదు. విప్పి బిగించినప్పుడల్లా బంక చెదిరి కొన్నాళ్ళు ఊరుకునేది. తీసి పారేసిన సెన్సార్లలో ఏ పాపమూ లేదు.

ఆ బంకని వేలితో తీసి నాలుక కొసకి తాకించాను. మీరు ఈ పని చెయ్యకండి, బ్యాటరీ ఆసిడ్ అయితే నాలుక ఊడుతుంది. తియ్యగా ఉంది. వెనకాలే కాస్త ఉప్పగా.

అప్పుడు అడిగాను, ఇన్ని రోజులు ఆలస్యంగా. "అమ్మా సునీతా, ఈ బండికి ఎవరైనా కొబ్బరికాయ కొట్టారా?"

సునీత వాళ్ళమ్మ వైపు చూసి తల దించుకుంది. అరుగు మీద నుంచి రమణమ్మ లేచింది.

"నానే కొట్టినాను బాబూ. ఆ పిల్లనేటీ అనకండి. దసరాకి ఫ్యాక్టరీ కాడ అన్ని బళ్ళకీ పూజలయిపోతన్నాయి, మా బండొక్కటే బోసిగా ఉన్నాది. రోజూ మమ్మల్ని సల్లగా తీసుకెళ్ళి సల్లగా దించుతాది కదా, దాన్ని నలుగురి కళ్ళూ సూత్తన్నాయి, దిష్టి తగలదేటి? నడిపేది ఇంజనే కదా అనీసి మూత ఎత్తించి దాని మీదే పోసీసినాం. పసుపూ కుంకమా కూడా ఎట్టినాం."

"మూత ఎత్తింది నానే సార్" అంది సునీత. "అందరూ అంత ముచ్చటపడితే వద్దనలేకపోయినాను. ఇంటికొచ్చే ముందు దారిలో బకెట్టుతో నీళ్ళు పోసి అంతా కడిగీసినాను. అమ్మ చూస్తే బాధపడుద్దని."

కొబ్బరినీళ్ళు ప్లగ్గు దాకా ఎలా చేరాయో అనుకుంటున్నాను. ఆ బకెట్టు నీళ్ళే వాటిని లోపలికి తోసి ఉంటాయి.

"మరి నాకు ఒక్క ముక్క చెప్పలేదేమ్మా?"

"మీరు అడగలేదు కద సార్."

ఎంత మర్యాదగా అందంటే చెంప మీద కొట్టినా అంత తగలదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నా ప్రశ్న నా దగ్గరే పెట్టుకుని ఇంజను దించేదాకా వచ్చాం. మనిషి మెడలో ఏముందో, అద్దానికి ఏం వేలాడుతోందో చూసి జవాబు నాకు నేనే చెప్పేసుకున్నాను. మస్తాన్ మేస్త్రి ఉంటే టీ తాగి రమ్మని నన్ను తరిమేవాడు.

అప్పుడు సునీత తల్లి నోరు విప్పింది. అప్పటిదాకా ఆమె గొంతే వినలేదు.

"ఆ రోజే సూసినాను. బంపరు సందులో కుంకుమ ఉండిపోనాది. దీనికి తెలిస్తే సిన్నబోద్దని నానే గుడ్డెట్టి తుడిసీసినాను."

తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు రమణమ్మ నవ్వింది. తర్వాత అందరం నవ్వాం. నాకు కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి, అది మంచు చలికి అని చెప్పను.

సునీత డ్యూటీ దింపేశాక బండిని నేనే ముందుండి గాజువాక తీసుకొచ్చాను. నూకరాజు పాత ప్లగ్గు కోసేసి కొత్తది వేశాడు. గొట్టం చీల్చి, వైర్లు ఒక్కొక్కటీ తుడిచి, ఆరబెట్టి, నీళ్ళు చొరకుండా గ్రీజు పట్టించి మూశాడు. మేనేజరు వచ్చి చూసి, "అయితే ఏం మార్చారు?" అన్నాడు. "ప్లగ్గు మాత్రమే సార్" అన్నాను. ఆయన మొత్తం సంగతి మొదట్నుంచీ చెప్పించుకున్నాడు.

సోమవారం బాగా మంచు పడింది. నేను నిద్ర లేచి కిటికీలోంచి అదే చూస్తున్నాను. ఇంకా మంచు విడవకముందే ఫోన్లో ఫొటో వచ్చింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర తీసింది. డ్యాష్‌బోర్డు మీద ఒక్క హెచ్చరిక లైటూ లేదు. అద్దంలో రమణమ్మ మొహం సగం పడింది. ఆ డ్యూటీ ఇప్పటికీ సునీతదే.

వచ్చేవాళ్ళకి

బ్యాటరీ బళ్ళు వచ్చేస్తున్నాయి, ఇక ఆయిలే ఉండదు, మన పని పోతుంది అని కొందరు పిల్లలు దిగులుపడుతున్నారు. పడకండి. ఆయిలు పోతే పోనీ. వైర్లుంటాయి, ప్లగ్గులుంటాయి, మన సముద్రపు తేమ ఎక్కడికీ పోదు. బండిని ప్రేమించే మనుషులుంటారు, ఆ ప్రేమ కొద్దీ దాని మీద ఏదో ఒకటి పోస్తూనే ఉంటారు. అది తప్పని కసురుకునే మెకానిక్ దగ్గర కస్టమరు నిజం దాస్తాడు. నిజం దాచిన కస్టమరు బండి మూడుసార్లు వెనక్కి వస్తుంది. కనక నవ్వుతూ అడగండి. బండి చూసి, మనిషిని చూసి అడగడం కాదు, అందర్నీ అడగండి. మా వర్క్‌షాపులో నూకరాజు ఇప్పుడు అలాగే అడుగుతున్నాడు. మసీదు నుంచి వచ్చిన బండినీ అడుగుతున్నాడట. మొన్న ఒకాయన, తనకి బండి అమ్మిన పాత ఓనరు కొట్టాడేమో కనుక్కుంటానని ఫోన్ తీశాడట.

నేను రిటైరైన తర్వాత వచ్చిన దసరాకి ఇంట్లో ఖాళీగా కూర్చుని ఉన్నాను. షెడ్డులో పూజకి వెళ్ళనిది అదే మొదటిసారి, మనసేం బాగాలేదు. ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"బాబూ, నాను రమణమ్మని. సునీతమ్మ బండి."

"చెప్పమ్మా. మళ్ళీ లైటు వెలిగిందా?"

"లేదు బాబూ. కాయ సేతిలో ఉన్నాది. ఎక్కడ కొట్టమంటావు?"

నా సర్వీసులో అందరూ బండి పాడైన తర్వాత వచ్చినవాళ్ళే. కొట్టకముందు అడిగింది ఆవిడొక్కతే.

"బండికి నాలుగడుగుల దూరంలో, నేల మీద. బానెట్ మూసే ఉండాలి."

వెనక నుంచి ఇంకో గొంతు వినిపించింది. సునీత తల్లిది. "బానెట్టు మీద దుప్పటి కప్పీసినానని సెప్పు."

"ఇన్నావా బాబూ?"

"విన్నానమ్మా. ఇక కొట్టు."

నేను ఫోన్ పెట్టలేదు. కాయ ఒక్క దెబ్బకే పగలడం వినిపించింది.